బాలకృష్ణ దోశి 'వాస్తుశిల్ప' సంస్థ: సామాజిక గృహనిర్మాణం, వృత్తిగత గుర్తింపు – 'అరణ్య' ఆధారంగా ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

అహ్మదాబాదు కేంద్రంగా పనిచేసే 'వాస్తుశిల్ప' సంస్థ 1983లో ఇందోర్ నగరంలోని పేదల కోసం 'అరణ్య' అనే గృహవాడకు ప్రణాళిక రూపొందించింది. పూర్తి ఇల్లు కట్టి ఇవ్వకుండా పునాదిని, నీటివసతిని, మరుగుదొడ్డిని, ఒక గదిని మాత్రమే ఇచ్చి మిగిలినదాన్ని నివాసులకే వదిలిపెట్టడం దీని ప్రత్యేకత. ఈ పథకానికి 1995లో ఆగాఖాన్ పురస్కారం లభించింది. 2018లో సంస్థ వ్యవస్థాపకుడు బాలకృష్ణ దోశికి ప్రిట్జ్‌కర్ పురస్కారం వచ్చింది. పథకానికి వచ్చిన గుర్తింపు వ్యక్తికి వచ్చిన గుర్తింపుగా మారిన క్రమాన్ని, ఆ మార్పులో నివాసుల కర్తృత్వానికి ఏ స్థానం దక్కిందన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వాస్తుశిల్ప, బాలకృష్ణ దోశి, అరణ్య, ఇందోర్, గృహనిర్మాణం, కర్తృత్వం, పురస్కారాలు.

ఉపోద్ఘాతం

'వాస్తు' అనే మాట తెలుగునాట నేడు చాలా ఇరుకైన అర్థంలో వాడుకలో ఉంది. వీధి గుమ్మం ఏ దిక్కుకు ఉండాలి, వంటగది ఏ మూలన రావాలి, బోరు ఎక్కడ వేయాలి అన్న ప్రశ్నల దగ్గరే అది ఆగిపోయింది. వ్యుత్పత్తిని బట్టి చూస్తే అది 'వస్' ధాతువు నుంచి, అంటే నివసించడం అన్న అర్థం నుంచి పుట్టిన మాట. 'శిల్పం' అన్నది చేతిపనికీ నైపుణ్యానికీ సంబంధించినది. మొదటి పదం ఉండేవారిది, రెండవది చేసేవారిది. ఈ రెండింటినీ కలిపి ఒక యువ వాస్తుశిల్పి తన సంస్థకు పేరుగా పెట్టుకున్నప్పుడు, ఆ సమాసంలోనే ఒక సమస్య దాగి ఉందని బహుశా అప్పటికి ఆయనకు తోచి ఉండదు. ఇంటిని చేసేవారూ అందులో ఉండేవారూ వేరువేరైనప్పుడు ఆ ఇంటికి కర్త ఎవరు?

వాస్తుశిల్ప చరిత్రలో ఈ ప్రశ్న అరుదుగా ఎదురవుతుంది. దేవాలయానికి రాజు పేరు, ఆధునిక భవనానికి వాస్తుశిల్పి పేరు నిలవడం అలవాటైన పద్ధతి. పేదల ఇళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ పద్ధతి సరిపోదు. ఆ ఇళ్ళు ఒక్కసారిగా పూర్తి కావు. చేతిలో డబ్బు ఆడినప్పుడు ఒక గోడ, పెళ్ళికి ముందు ఒక గది, కొడుకు సంపాదనపరుడైన తరువాత పై అంతస్తు అన్న తీరులో అవి ఏళ్ళ తరబడి పెరుగుతాయి. అటువంటి పెరుగుదలనే ప్రణాళికగా స్వీకరించిన పథకం అరణ్య. దానికి వచ్చిన గుర్తింపు ఎవరిదన్నది కాబట్టి కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు. ఏది చరిత్రగా నమోదవుతుంది, ఏది కాదు అన్నది దాని మీదే ఆధారపడి ఉంది.

పేరు విషయంలో ఒక చిన్న వివరణ అవసరం. తెలుగు పత్రికలు ఈయన ఇంటిపేరును సాధారణంగా 'దోషి' అని రాస్తున్నాయి. తెలుగులో ఆ మాటకు ఉన్న అర్థం చదువరిని అడుగడుగునా ఇబ్బంది పెడుతుంది కనుక ఈ వ్యాసంలో 'దోశి' అన్న రూపాన్ని వాడటం జరిగింది.

సంస్థ ఆవిర్భావం

బాలకృష్ణ దోశి 1927 ఆగస్టు 26న పూణేలో జన్మించారు. కుటుంబానిది కలపసామాను తయారీ వృత్తి. బొంబాయిలోని జె.జె. కళాశాలలో వాస్తుశిల్పం చదివి, 1951 నుంచి 1954 వరకు పారిస్‌లో లె కార్బూజియే దగ్గర పనిచేశారు. కార్బూజియే రూపొందించిన భవనాల నిర్మాణాన్ని పర్యవేక్షించడానికి అహ్మదాబాదు వచ్చి అక్కడే స్థిరపడ్డారు. ఇద్దరు సహాయకులతో 'వాస్తుశిల్ప'ను ప్రారంభించిన సంవత్సరాన్ని కొందరు 1955 అనీ, ప్రిట్జ్‌కర్ సంస్థ ప్రచురించిన జీవితరేఖ 1956 అనీ పేర్కొంటున్నాయి. 1962లో ఆయన అహ్మదాబాదులో వాస్తుశిల్ప విద్యాలయాన్ని నెలకొల్పారు. అమెరికన్ వాస్తుశిల్పి లూయీ కాన్‌తో కలిసి అహ్మదాబాదు ఐ.ఐ.ఎం. నిర్మాణంలో పాలుపంచుకోవడం కూడా అదే కాలంలో మొదలైంది.

1954లోనే అట్టడుగు వర్గాల వారికి తగిన నివాసం కల్పించడాన్ని తన జీవితకాలపు ప్రతిజ్ఞగా స్వీకరించానని దోశి తరువాతి కాలంలో చెప్పుకున్నారు. పురస్కార సందర్భాలలో ఈ మాట పదేపదే ప్రస్తావనకు వచ్చింది. అయితే ప్రతిజ్ఞకూ అరణ్యకూ మధ్య దాదాపు ముప్పై ఏళ్ళ దూరం ఉంది. ఆ ముప్పై ఏళ్ళలో సంస్థ చేసిన గృహనిర్మాణంలో అధికభాగం అట్టడుగు వర్గాలది కాదు, నెలజీతం వచ్చే ఉద్యోగులది. ఇందులో ఆక్షేపించవలసింది ఏమీ లేదు. భూమీ డబ్బూ పరిశ్రమల దగ్గర ఉన్నాయి, పని అక్కడి నుంచే వచ్చింది. కానీ ఒక జీవితాన్ని ప్రతిజ్ఞ నుంచి పురస్కారం వరకు గీసిన సరళరేఖగా చూపే జీవితచరిత్రలు ఈ మధ్యకాలాన్ని తేలికగా దాటవేస్తాయి.

కంపెనీ కాలనీల నుంచి బీమానగర్ వరకు

జౌళి పరిశ్రమల పరిశోధన సంస్థ 'అటిరా' కోసం 1957–60 మధ్య తక్కువ ఖర్చు ఇళ్ళు, 1960లలో వడోదర దగ్గర గుజరాత్ ఎరువుల సంస్థ కాలనీ ఈ దశకు చెందిన పనులు. తెలుగు నేలతో సంస్థకు మొదటి ప్రత్యక్ష సంబంధం కూడా ఈ దారిలోనే ఏర్పడింది. 1967లో హైదరాబాదులో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వరంగ సంస్థ ఇ.సి.ఐ.ఎల్. తన ఉద్యోగుల నివాసాల కోసం వాస్తుశిల్పను ఎంచుకుంది. 1968–71 నాటి ఈ కాలనీ దోశి రచనల పట్టికలన్నింటిలోనూ కనిపిస్తుంది. కుషాయిగూడ ప్రాంతంలో నిత్యం తిరిగేవారిలో ఈ సంగతి తెలిసినవారు ఎందరన్నది వేరే విషయం.

ప్రభుత్వరంగ కాలనీలకు ఒక సాధారణ లక్షణం ఉంది. ఉద్యోగి హోదాను బట్టి ఇంటి వైశాల్యం, ఇంటి వైశాల్యాన్ని బట్టి వీధి నిర్ణయమవుతాయి. ఫలానా 'టైపు' క్వార్టర్స్ అంటే ఫలానా జీతం అని అర్థం. పిల్లల ఆటలూ స్నేహాలూ కూడా ఆ గీతలను అనుసరించే సాగుతాయి. ఇల్లు సంస్థది కనుక నివాసికి గోడ మీద మేకు కొట్టే స్వేచ్ఛ కూడా పరిమితమే.

ఈ రెండు లక్షణాలనూ ఒకేసారి ప్రశ్నించిన నిర్మాణం అహ్మదాబాదులో జీవిత బీమా సంస్థ కోసం 1973లో పూర్తయిన గృహసముదాయం. దీన్ని బీమానగర్ అంటారు. ఇక్కడ వేరువేరు ఆదాయాల వారి ఇళ్ళు వేరువేరు వీధులలో కాక ఒకే కట్టడంలో ఒకదానిపై ఒకటి ఉంటాయి. కింద పెద్ద ఇల్లు, దాని మీద అంతకంటె చిన్నది, అన్నిటికంటె పైన చిన్న ఇల్లు. పైకి పోయేకొద్దీ కట్టడం మెట్లుమెట్లుగా తగ్గుతుంది కనుక పై ఇంటివారికి డాబా మిగులుతుంది, అవసరమైతే గది వేసుకోవచ్చు. నివాసులు వేసుకున్నారు కూడా. డాబాలు గదులయ్యాయి, వరండాలకు తలుపులు వచ్చాయి. వాస్తుశిల్పులు ఇటువంటి మార్పులను సాధారణంగా తమ కృతికి జరిగిన హానిగా భావిస్తారు. దోశి వాటిని కృతి కొనసాగింపుగా చూడటం ఇక్కడి నుంచే మొదలైంది. అరణ్యకు బీజం ప్రతిజ్ఞలో కంటె ఈ డాబాల మీదే ఎక్కువగా కనిపిస్తుంది.

ఇందోర్ బస్తీల కొలతలు

1978లో దోశి తన వృత్తిసంస్థకు తోడుగా 'వాస్తుశిల్ప ఫౌండేషన్'ను స్థాపించారు. ఖాతాదారు అడిగిన భవనాన్ని గీసి ఇవ్వడం సంస్థ పని. ఎవరూ అడగని ప్రశ్నలపై పరిశోధన ఫౌండేషన్ పని. ఈ విభజనే అరణ్యకు దారి తీసింది.

1980ల ఆరంభంలో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన కనీసవ్యయ గృహనిర్మాణ కేంద్రం ఈ ఫౌండేషన్‌తో కలిసి ఇందోర్ మురికివాడలను అధ్యయనం చేసింది. విటోల్డ్ రిబ్చిన్‌స్కీ, విక్రమ్ భట్ తదితరులు రూపొందించిన ఆ నివేదిక 1984లో వెలువడింది. మురికివాడల మీద అప్పటికే ఎన్నో నివేదికలు ఉన్నాయి. అవి ప్రధానంగా అక్కడ లేనివాటిని లెక్కించాయి. కుళాయి లేదు, మురుగుకాలువ లేదు, పట్టా లేదు. ఈ అధ్యయనం మాత్రం అక్కడ ఉన్నదాన్ని కొలిచింది. సందు వెడల్పు ఎంత, చెట్టు ఎక్కడ ఉంది, దాని కింద ఎవరు కూర్చుంటారు, సైకిలు ఎక్కడ నిలుపుతారు, ఇంటి ముందు జాగాలో ఏ పని జరుగుతుంది, చిల్లరకొట్టు ఏ మూల మీద పెట్టారు అన్న వివరాలను దేవాలయాల కొలతలు తీసే శ్రద్ధతో పటాలుగా గీసింది.

ఆ పటాలు చెప్పిన ముఖ్యమైన విషయం ఏమిటంటే, పేదవాని ఇల్లు గోడల దగ్గర ఆగదు. వంట, బట్టలుతకడం, సరుకు అమ్మడం, బీడుకాలంలో చేసే చేతిపని, వేసవి రాత్రి నిద్ర అన్నీ గడప బయట జరుగుతాయి. ఇందోర్ ప్రాంతంలో ఇంటి ముందు ఎత్తుగా వేసుకునే వేదికను 'ఓట్లా' అంటారు. తెలుగు పాఠకునికి దీన్ని వివరించనవసరం లేదు, అది మన అరుగే. పల్లెల్లో పంచాయితీ, పురాణం, బేరసారం, బాటసారి నిద్ర అన్నిటికీ చోటిచ్చిన అరుగుకు ప్రభుత్వ గృహనిర్మాణ నమూనాలలో చాలాకాలం స్థానం దొరకలేదు. చదరపు అడుగులలో లెక్క తేలే ఇంట్లో అరుగు ఏ గది కింద జమ అవుతుంది? గది కాదు, వీధీ కాదు. ఇందోర్ అధ్యయనం తేల్చినది సరిగ్గా ఇదే. లెక్కకు అందని ఆ నడిమి జాగాయే బస్తీ బతుకును నిలబెడుతున్నది.

అరణ్య ప్రణాళిక

ఇందోర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ నగరకేంద్రానికి సుమారు ఆరు కిలోమీటర్ల దూరంలో 85 హెక్టార్ల భూమిని కేటాయించింది. ఫౌండేషన్ 1983లో సిద్ధం చేసిన ప్రణాళికలో 6,500 నివాసాలు, 60,000 జనాభా అంచనా. దాదాపు 65 శాతం స్థలాలు ఆర్థికంగా బలహీనవర్గాల వారివి.

'స్థలం, సేవలు' అనే పద్ధతి అప్పటికి కొత్తది కాదు. కట్టిన ఇల్లు కాక నీరు, మురుగు, విద్యుత్తు ఏర్పాటు చేసిన స్థలాన్ని ఇచ్చి ఇంటిని లబ్ధిదారుకు వదిలేయడం ఇందులో ముఖ్యం. జాన్ టర్నర్ పెరూ బస్తీల అనుభవంతో ప్రచారం చేసిన ఆలోచనలకు 1970లలో ప్రపంచబ్యాంకు మద్దతు దొరికింది, మద్రాసులో అరుంబాక్కం వంటి పథకాలు వచ్చాయి. ఆచరణలో చాలాచోట్ల అవి గీతపెట్టెల్లా మిగిలాయి. స్థలాల వరుస, వీధి, మళ్ళీ స్థలాల వరుస. ఇంజనీరుకు గొట్టం పొడవు తగ్గితే చాలు అన్నట్టు ఉండేది వ్యవహారం.

అరణ్య ఈ పద్ధతినే తీసుకుని దాని ఆకృతిని మార్చింది. మధ్యలో వ్యాపార కేంద్రాలతో ఒక వెన్నెముక వంటి దారి, దానికి ఇరువైపులా 7,000 నుంచి 12,000 మంది నివసించే ఆరు విభాగాలు, వాటిని ఏటవాలుగా కోస్తూ సాగే పొడవైన ఉద్యానాలు ఏర్పాటయ్యాయి. పది ఇళ్ళు ఒక గుంపు, ప్రతి ఇంటికీ వెనుక పెరడు, గుంపు మొత్తం ఒక వీధిలోకి తెరుచుకుంటుంది. ఇరవై ఇళ్ళకు ఒక సెప్టిక్ ట్యాంకు. అతి చిన్న స్థలం 35 చదరపు మీటర్లు, అతి పెద్దది 475. బలహీనవర్గాల వారి స్థలాలు ప్రతి విభాగం నడిబొడ్డున ఉంటాయి, కలవారివి అంచుల వెంబడి, ప్రధాన మార్గం పొడవునా ఉంటాయి. పెద్ద స్థలాల అమ్మకంపై వచ్చిన మిగులుతో చిన్న స్థలాల ధరను తగ్గించారు. కలవారు ఊరి నడుమ, లేనివారు ఊరి వెలుపల అన్న అలవాటైన క్రమం ఇక్కడ తలకిందులైంది. అయితే కలవారికి రోడ్డు ముఖం దక్కింది, దాని బజారు విలువ కూడా దక్కిందన్న సంగతినీ మరువరాదు.

బలహీనవర్గాల కుటుంబానికి స్థలంతో పాటు కాంక్రీటు పునాది, స్నానానికీ మరుగుదొడ్డికీ కుళాయికీ సంబంధించిన కట్టడం, ఒక గది ఇచ్చారు. ఆదాయాన్ని బట్టి మొదటి చెల్లింపు, మిగిలినది నెలసరి వాయిదాలు. ఇటుక, రాయి, సిమెంటు స్థానికంగా దొరికేవే, ఏది వాడాలన్నది ఇంటివారి ఇష్టం. ఎలా కట్టుకోవచ్చో చూపడానికి దోశి 80 నమూనా ఇళ్ళను స్వయంగా రూపొందించారు. ఒంటిగది నుంచి విశాలమైన ఇంటి వరకు, అరుగులు, బయటి మెట్లు, చిన్న వసారాలు, డాబాలు రకరకాల కలయికల్లో ఉన్న ఆ ఇళ్ళు ఒక వ్యాకరణ గ్రంథంలోని ఉదాహరణల వంటివి. సూత్రం ఇది, ప్రయోగం మీది అని చెప్పడమే వాటి ఉద్దేశం.

ఇక్కడే చరిత్రకారునికి ఒక చిక్కు ఎదురవుతుంది. అరణ్య అనగానే పుస్తకాలలో, ప్రదర్శనలలో కనిపించే ఛాయాచిత్రాలు అత్యధికం ఆ 80 ఇళ్ళవే. ఎండలో మెరిసే గోడలు, మెట్ల మీద కూర్చున్న పిల్లలు, ఒకదానికొకటి పొందికగా అమరిన వసారాలు. నూటికి ఒకటిన్నర కూడా లేని ఈ ఇళ్ళు మొత్తం పథకానికి ప్రతినిధులయ్యాయి. ఉదాహరణలే వ్యాకరణమయ్యాయి, భాష మాట్లాడినవారు పటంలో నుంచి జారిపోయారు. నమూనా ఇళ్ళలో కూడా అనేకం తరువాత రూపు మారాయి, కొన్నింటి స్థానంలో కొత్తవి వచ్చాయి. మొదటి కేటాయింపుదారులలో పలువురు స్థలాలను అమ్ముకుని వెళ్ళిపోయారనీ, వారి చోట కొంత మెరుగైన ఆదాయం ఉన్నవారు చేరారనీ తరువాతి పరిశీలకులు నమోదు చేశారు. పథకం విఫలమైందని దీనితో తేల్చడం తొందరపాటు. స్థలం అమ్మగా వచ్చిన సొమ్ము ఒక పేద కుటుంబానికి వైద్యమో, వివాహమో, అప్పు తీర్చడమో అయి ఉండవచ్చు. కానీ వీధి రూపం ఎంత బాగున్నా, ఆ వీధిలో ఎవరు నిలుస్తారన్నది రూపం ఒక్కటే నిర్ణయించలేదు.

1995: ఒకే వేదిక మీద మరో బస్తీ

ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం 1977లో ఏర్పడింది. దాని పద్ధతి విశిష్టమైనది. బహుమతి వ్యక్తికి కాక పథకానికి చెందుతుంది, దాన్ని వాస్తుశిల్పితో పాటు నిర్మించిన వారికీ, కట్టించిన సంస్థలకూ పంచుతారు. తుది నిర్ణయానికి ముందు నిపుణులు స్వయంగా స్థలానికి వెళ్ళి నివేదిక ఇస్తారు. 1995లో ఇండోనేషియాలోని సోలో నగరంలో జరిగిన ఆరవ పురస్కార ప్రదానంలో అరణ్య ఉంది. పేద, సాధారణ ఆదాయాల కుటుంబాలను ఒకచోట కలపడానికి చేసిన ప్రయత్నాన్ని న్యాయనిర్ణేతలు ప్రత్యేకంగా గుర్తించారు.

అదే సంవత్సరం, అదే వేదిక మీద బహుమతి పొందిన మరో గృహపథకం 'ఖుదా కీ బస్తీ'. అది హైదరాబాదులోనిది. మన హైదరాబాదు కాదు, పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రానికి చెందిన హైదరాబాదు. 1980ల ద్వితీయార్ధంలో అక్కడి అభివృద్ధి సంస్థ తస్నీమ్ అహ్మద్ సిద్దిఖీ నాయకత్వంలో దీన్ని చేపట్టింది. సిద్దిఖీ వాస్తుశిల్పి కాదు, పాలనాధికారి. పేదల పేరున ఇచ్చే స్థలాలు చివరికి దళారుల పాలవుతున్నాయని గమనించి, ఆక్రమణదారుల పద్ధతినే ప్రభుత్వ పద్ధతిగా మార్చారు. స్థలం కావలసినవారు భార్యాబిడ్డలతో, సామానుతో సహా వచ్చి కొన్నాళ్ళు అక్కడ ఉండాలి. నిజంగా గూడు లేనివారే అలా రాగలరు. చిన్న మొత్తం కట్టించుకుని స్థలం ఇచ్చేవారు. నివాసం ఉండకపోతే కేటాయింపు రద్దు. తొలుత నీటి వసతి తప్ప దాదాపు మరేమీ లేదు. మురుగుకాలువలు, విద్యుత్తు తరువాత వాయిదాలు కట్టేకొద్దీ వీధివీధిగా వచ్చాయి. ఇంటి ఆకృతి మీద ఏ నియమమూ లేదు.

ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచితే అరణ్య బలమూ లోపమూ ఒకేసారి బయటపడతాయి. అరణ్యలో వీధికి రూపం ఉంది, చెట్టుకూ అరుగుకూ చోటుంది, మొదటి రోజునే శుభ్రమైన మరుగుదొడ్డి ఉంది. ఖుదా కీ బస్తీలో అవేవీ లేవు. కానీ స్థలం ఎవరి చేతికి పోతుందన్న ప్రశ్నకు అక్కడ దొరికిన సమాధానం అరణ్యలో లేదు. న్యాయనిర్ణేతలు రెండింటినీ ఎంచడం వెనుక ఈ గ్రహింపు ఉందని భావించవచ్చు. తరువాతి కాలపు వాస్తుశిల్ప గ్రంథాలలో మాత్రం అరణ్యకు దక్కిన పేజీలు ఖుదా కీ బస్తీకి దక్కలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. దానికి గీసిన పటాలు తక్కువ, ఛాయాచిత్రానికి నిలిచే ముఖం లేదు, పేరు చెప్పుకోదగిన వాస్తుశిల్పి లేడు.

మన హైదరాబాదులోనూ ఇటువంటి ఉదాహరణ ఒకటి ఉంది. 1967లో నగరపాలక సంస్థ ప్రారంభించిన పట్టణ సమాజాభివృద్ధి పథకం, తరువాత యూనిసెఫ్, బ్రిటన్ ప్రభుత్వాల సహాయంతో విస్తరించి, బస్తీవాసులకు పట్టాలు, రుణాలు ఇప్పించి వారి ఇళ్ళను వారే కట్టుకునేటట్టు చేసింది. సమాజశాస్త్రజ్ఞులు, పాలనాశాస్త్ర విద్యార్థులు దీని మీద రాశారు. వాస్తుశిల్ప చరిత్రలో దీనికి చోటు అరుదు. ఇళ్ళు కట్టినవారే వాటి కర్తలైనందున, వృత్తి దృష్టిలో అది కర్త లేని వాక్యమైపోయింది.

పథకం నుంచి వ్యక్తికి

2016 మార్చిలో ఆంధ్రప్రదేశ్ నూతన రాజధాని అమరావతి ప్రభుత్వ సముదాయం కోసం జరిగిన పోటీ ఫలితం వెలువడింది. పోటీలో నిలిచిన మూడు సంస్థలలో వాస్తుశిల్ప ఒకటి. మిగిలినవి జపాన్‌కు చెందిన మాకీ, బ్రిటన్‌కు చెందిన రోజర్స్ స్టర్క్ హార్బర్. క్రిస్టఫర్ బెనింజర్ అధ్యక్షతన న్యాయనిర్ణేతలు మాకీ సంస్థను ఎంపిక చేశారు, ఆపై ఆ పని బ్రిటన్‌కు చెందిన ఫోస్టర్ సంస్థకు మారింది. బెనింజర్ స్వయంగా పేదల గృహనిర్మాణంలో పనిచేసినవారు, 1970ల ఆరంభంలో అహ్మదాబాదులో ప్రణాళికా విద్యాలయ స్థాపనలో దోశికి సహచరుడు. ఆ పోటీ అడిగినది శాసనసభ, ఉన్నత న్యాయస్థానం వంటి మహాభవనాలను. అరణ్యను గీసిన సంస్థ తెలుగు ప్రభుత్వం ముందుకు వచ్చినప్పుడు వారి మధ్య చర్చకు వచ్చిన విషయం ఇల్లు కాదన్నది గమనించదగినది.

రెండేళ్ళకు, 2018 మార్చిలో, దోశికి ప్రిట్జ్‌కర్ పురస్కారం ప్రకటించారు. ఆ గౌరవం పొందిన తొలి భారతీయుడు ఆయనే. అప్పటికి ఆయన వయస్సు తొంభై. ప్రిట్జ్‌కర్ పద్ధతి ఆగాఖాన్ పద్ధతికి పూర్తిగా భిన్నం. అది జీవించి ఉన్న వాస్తుశిల్పికి, ఆయన సమస్త కృషికి ఇచ్చేది. 2005 నుంచి 2007 వరకు దోశి స్వయంగా ఆ పురస్కార న్యాయనిర్ణేతల మండలిలో సభ్యులు. ఇది తప్పు పట్టవలసిన విషయం కాదు గానీ, గుర్తింపు అన్నది వృత్తిలోకి బయటి నుంచి ఊడిపడేది కాదని, వృత్తి తనలో తాను జరుపుకునే సంభాషణ అని ఇది తెలుపుతుంది. 2022లో బ్రిటిష్ వాస్తుశిల్పుల సంస్థ స్వర్ణపతకం వచ్చింది. 1976లో పద్మశ్రీ, 2020లో పద్మభూషణ్ ఇచ్చిన భారత ప్రభుత్వం, 2023 జనవరి 24న ఆయన మరణించిన మరునాడు మరణానంతర పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఈ పురస్కారాలన్నింటి సందర్భంలోనూ అరణ్య ప్రస్తావన వచ్చింది. 1995లో బహుమతి పొందినది అరణ్య. దానికి కారకులలో దోశి ఒకరు. 2018లో బహుమతి పొందినది దోశి; ఆయన కృతులలో అరణ్య ఒకటి. వాక్యంలో కర్త, కర్మ స్థానాలు మారాయి. 2019లో జర్మనీలోని విట్రా మ్యూజియంలో దోశి కృషిపై జరిగిన ప్రదర్శనకు 'ప్రజల కోసం వాస్తుశిల్పం' అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. జాన్ టర్నర్ 1976 నాటి తన పుస్తకానికి పెట్టిన పేరు 'ప్రజల చేత గృహనిర్మాణం' అన్న అర్థాన్నిస్తుంది. 'కొఱకు'కూ 'చేత'కూ మధ్య, అంటే చతుర్థీ తృతీయా విభక్తుల మధ్య ఉన్న తేడా తెలుగు విద్యార్థికి కొత్త కాదు. మొదటిదానిలో ప్రజలు పుచ్చుకునేవారు, రెండవదానిలో చేసేవారు. అరణ్య ప్రణాళిక తృతీయా విభక్తిలో రాసినది. దాని కీర్తి చతుర్థిలో వ్యాపించింది.

ఈ మార్పుకు దోశిని బాధ్యుణ్ణి చేయడం సరికాదు. నివాసుల మార్పులను ఆయన ఎన్నడూ వక్రీకరణగా చూడలేదు, తన ఇళ్ళు తన చేతి నుంచి జారిపోవడాన్ని సంతోషంగానే చెప్పుకున్నారు. తన వృత్తిలో చాలామందికి లేని ఈ నిబ్బరమే ఆయన అసలు సాధన అనవచ్చు. సమస్య వృత్తి వాడే కొలబద్దలో ఉంది. అది ఒక పేరును, ఒక తేదీని, ఒక ముఖచిత్రాన్ని కోరుతుంది. అరణ్యకు ప్రిట్జ్‌కర్ పత్రాలలో ఇచ్చిన సంవత్సరం 1989. ఆ సంవత్సరానికి చాలా స్థలాలలో ఇంకా గోడలు లేవలేదు.

అవే పత్రాలు అరణ్యలో ఇప్పుడు 80,000 మందికి పైగా ఉన్నారని చెబుతున్నాయి. 1983 ప్రణాళిక అంచనా 60,000. ఆ అదనపు 20,000 మందికి చోటిచ్చిన పై అంతస్తులు, మూసిన వసారాలు, గదులుగా మారిన అరుగులు ఏ వాస్తుశిల్పి పటంలోనూ లేవు. 80 నమూనా ఇళ్ళ పటాలు దేశదేశాల ప్రదర్శనలలో గోడకెక్కాయి. మిగిలిన ఇళ్ళు ఏ సంవత్సరంలో ఏ గదిని, ఏ మేస్త్రి చేత, ఎంత అప్పుతో వేసుకున్నాయో రాసుకోవడానికి, 1984లో బస్తీలను కొలిచిన ఆ అధ్యయనం వంటిది అరణ్యలోనే ఇంటింటా మళ్ళీ జరగాలి.